ఏ కూర్పు, ఏ పదం కింద? – తెలుగు పరిశోధన పర్యవేక్షకులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో పరిశోధన పర్యవేక్షకులుగా ఉన్న ఆచార్యులకు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,



"నిఘంటువుకు పాదసూచిక ఎందుకు, అందరికీ తెలిసిన పుస్తకమే కదా" అన్న మాట మన పరిశోధన లోకంలో చాలాకాలంగా చెల్లుబాటవుతోంది. ఆ మాట వల్లనే సిద్ధాంత గ్రంథాల చివర ఉపయుక్త గ్రంథసూచిలో "సూర్యరాయాంధ్ర నిఘంటువు", "బ్రౌన్ నిఘంటువు", "విజ్ఞాన సర్వస్వం" అని ఒట్టి పేర్లు కనిపిస్తాయి. ఏ సంపుటమో ఉండదు, ఏ కూర్పో ఉండదు, ఏ పదం కింద చూశారో ఉండదు. ఆ వ్యాసం రాసిందెవరో అసలే ఉండదు. ఆ సూచి మీ చేతుల మీదుగానే వెళ్తుంది, దానికింద మీ సంతకమే పడుతుంది. ఇది అచ్చుతప్పులాంటి చిన్న లోపమని మీలో కొందరు అనుకుంటున్నారు. నేను ఒప్పుకోలేను. ఒక పరిశోధకుడు ఏ ఆధారం మీద ఒక మాట అన్నాడో, అదే ఆధారాన్ని చదివేవాడు తెరిచి చూసుకోగలగాలి. ఆ దారి మూసేసిన గ్రంథాన్ని పరిశోధన అని మీరు ఎలా ధ్రువీకరిస్తున్నారు?

"విజ్ఞాన సర్వస్వం, మొదటి సంపుటం" అన్న పాదసూచికనే తీసుకోండి. తెలుగులో ఆ పేరుతో ఉన్నది ఒక్క పుస్తకం కాదు, కొన్ని ఉన్నాయి. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని మొదలుపెట్టి, కొన్ని సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. ఆ పనిని కాశీనాథుని నాగేశ్వరరావు మళ్లీ తలకెత్తుకుని 1930లలో సవరించి అచ్చువేయించారు. అంటే ఆ ఒక్క పేరు కిందనే రెండు వేర్వేరు మొదటి సంపుటాలున్నాయి. తర్వాత మద్రాసులో తెలుగు భాషా సమితి తెచ్చిన విజ్ఞాన సర్వస్వం వేరు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తెచ్చిన సంపుటాలు మళ్లీ వేరు. ఇక హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనం సంపాదకత్వంలో 1958 నుంచి ఎనిమిది సంపుటాలుగా వచ్చిన సంగ్రహ ఆంధ్ర విజ్ఞానకోశాన్ని కూడా కొందరు ఇదే పేరుతో పిలుస్తారు. మీ విద్యార్థి వీటిలో దేన్ని చూశాడో వైవాలో అడిగారా? అడగకపోతే, ఆ పాదసూచిక నిజమని మీరు నమ్మింది దేన్ని చూసి?

సంగ్రహ ఆంధ్ర విజ్ఞానకోశాన్ని దగ్గరగా చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. వ్యాసం పూర్తయినచోట రచయిత పేరు పొడి అక్షరాల్లో ఉంటుంది. ఆ పొడి అక్షరాలు ఎవరివో తెలుసుకోవాలంటే ఆ సంపుటంలోనే ఇచ్చిన రచయితల పట్టిక దగ్గరకు వెళ్లాలి. సంపాదకులు ఆ రెండు అక్షరాలు పెట్టింది కాగితం నింపడానికి కాదు. ఒక శాస్త్రం గురించి ఆ శాస్త్రం తెలిసినవారి చేత రాయించామని, ఆ మాటకు బాధ్యులు ఫలానావారని చెప్పడానికి. విద్యార్థి ఆ వ్యాసం నుంచి రెండు పేరాలు తీసుకుని "విజ్ఞానకోశం చెబుతోంది" అని రాసినప్పుడు ఆ రచయిత మాయమైపోతాడు. కోశం నోరు తెరిచి ఏమీ చెప్పదు. ఒక మనిషి, ఒక సంవత్సరంలో, అప్పటికి తనకు తెలిసినదాన్ని బట్టి చెప్పిన మాట అది. ఆ మనిషిని, ఆ సంవత్సరాన్ని తీసేస్తే, అరవై ఏళ్ల కిందటి అభిప్రాయం కూడా ఎప్పటికీ మారని సత్యంలా కనిపిస్తుంది. ఒక శాసనం కాలాన్ని గురించి ఆ తర్వాత చరిత్రకారులు అభిప్రాయం మార్చుకున్నా, ఆ పాత మాటే కొత్త సిద్ధాంత గ్రంథంలో కొత్తమాటలా తిరుగుతుంది.

బ్రౌన్ విషయంలో జరుగుతున్నది ఇంకా బాధ కలిగిస్తుంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఆయన 1884లో చనిపోయారు. ఇవాళ విద్యార్థులు కంప్యూటర్‌లో చూస్తున్నది, చికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఉన్నది, ఆ 1852 పుస్తకం కాదు. ఎం. వెంకటరత్నం, డబ్ల్యు. హెచ్. క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం సవరించి పెంచగా 1903లో మద్రాసులో వెలువడ్డ కూర్పు. అంటే బ్రౌన్ పోయిన పంతొమ్మిదేళ్లకు వచ్చిన పుస్తకం. అందులో ఒక అర్థం బ్రౌన్ రాసిందో, ఆ ముగ్గురిలో ఒకరు చేర్చిందో తేల్చాలంటే 1852 ప్రతిని పక్కన పెట్టుకుని చూడాల్సిందే. ఆ పని చేయకుండా "బ్రౌన్ కాలానికి ఈ మాట ఈ అర్థంలో వాడుకలో ఉంది" అని తీర్మానిస్తే, యాభై ఏళ్ల భాషాచరిత్ర ఒక్క వాక్యంలో తారుమారవుతుంది. పైగా ఆయన పేరు మీద ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఉంది, తెలుగులోకి వచ్చిన అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువు ఉంది. హైదరాబాదు పాతబస్తీ చుట్టుపక్కల తెలుగులో నలిగిన ఉర్దూ, పారసీ మాటల మీద పనిచేసే విద్యార్థికి ఆ మిశ్రభాషా నిఘంటువే కావాలి. అతను "బ్రౌన్" అని ఊరుకుంటే, మీరు ఏ పుస్తకం తెరుస్తారు?

రాయాల్సింది ఎంత చిన్నదో చూడండి. "బ్రౌన్, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, కొత్త కూర్పు, సవరణ వెంకటరత్నం, క్యాంప్‌బెల్, వీరేశలింగం, మద్రాసు, 1903, 'కరణము' పదం కింద." ఒకటిన్నర పంక్తి. ఆ ఒకటిన్నర పంక్తిలో వీరేశలింగం చేసిన పనికి ఆయన పేరు దక్కింది, బ్రౌన్ చేయని పని బ్రౌన్‌కు అంటకుండా పోయింది, చదివేవాడికి తలుపు దొరికింది. పుట సంఖ్య కూడా ఇస్తే మంచిదే. కానీ నిఘంటువులో పుట కన్నా పదమే నమ్మకమైన చిరునామా. పునర్ముద్రణల్లో పుటలు మారొచ్చు, పదం మారదు.

మాండలిక పదాల మీద, ధాతువుల మీద పనిచేసేవారి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. బరో, ఎమెనో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో మొదటిసారి, 1984లో సవరించి రెండోసారి వచ్చింది. పదాలన్నిటికీ వరస సంఖ్యలున్నాయి. రెండో కూర్పులో సంఖ్యలన్నీ కొత్తగా వేశారు. 'ఇల్లు' ఆ కూర్పులో 494. అదే సంఖ్య పట్టుకుని 1961 పుస్తకం తెరిస్తే ఇంకేదో మాట దగ్గర తేలతాం. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటంలో పదంతో పాటు అది వినిపించే ప్రాంతం కూడా ఉంటుంది. ఆ ప్రాంతం పేరు వదిలేసి పదాన్ని మాత్రం ఎత్తి రాస్తే, ఊరూరా తిరిగి సేకరించినవారి శ్రమలో సగం పారబోసినట్టే.

అన్నిటికన్నా పెద్ద తప్పు సూర్యరాయాంధ్ర నిఘంటువు చుట్టూ జరుగుతోంది. ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టి, 1936లో మొదటి సంపుటం తెచ్చిన ఆ నిఘంటువు బలమంతా ప్రయోగాల్లో ఉంది. ఒక్కో అర్థానికి ఏదో ఒక కావ్యంలోంచి ప్రయోగం ఎత్తి చూపి, ఆ కావ్యం పేరు సంకేతాక్షరాల్లో, పర్వమో ఆశ్వాసమో చెప్పి మరీ ఇస్తుంది. అంటే నిఘంటువు తన ఆధారాన్ని తానే చూపిస్తోంది. విద్యార్థి చేస్తున్నదేమిటి? నిఘంటువులో కనిపించిన ఆ ప్రయోగాన్ని ఎత్తుకుని, పాదసూచికలో నేరుగా కావ్యం పేరు రాస్తున్నాడు. కావ్యం తెరవలేదు, పద్యం ముందూ వెనకా చదవలేదు. చదివినట్టు రాస్తున్నాడు. నిఘంటువు పండితులు ఎన్నో ఏళ్లు కావ్యాలు వడపోసి ఏరి పెట్టిన గింజల్ని తన పొలంలో పండినట్టు చూపిస్తున్నాడు. నిఘంటువు వాడిన పాఠం ఒకటి, తర్వాతి పరిష్కృత ముద్రణలో పాఠం ఇంకొకటి అయితే ఆ పాదసూచిక పచ్చి అబద్ధం కూడా అవుతుంది. "సూర్యరాయాంధ్ర నిఘంటువు, ఫలానా పదం కింద చూపిన ప్రయోగం" అని రాస్తే చాలు. అందులో చిన్నతనం ఏముంది? పరిశోధకుడు నిఘంటువు చూశానని చెప్పుకోవడానికి ఎందుకు సిగ్గుపడుతున్నాడో, ఆ సిగ్గు అతనికి ఎక్కడ అబ్బిందో మీరు ఆలోచించాలి.

ప్లేజియరిజం సర్టిఫికెట్ ఉంది కదా, పది శాతం లోపే వచ్చింది కదా అని మీరు అనవచ్చు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2018లో తెచ్చిన నిబంధనలు మీకు నాకన్నా బాగా తెలుసు. పది శాతం దాకా శిక్ష లేదు, పది నుంచి నలభై దాకా అయితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసే మాటలు వరుసగా 14 పదాల దాకా లెక్కలోకి రావు. ఇప్పుడు ఒక నిఘంటువు తెరిచి, ఒక అర్థం ఎన్ని పదాల్లో ఉందో లెక్కపెట్టండి. మూడు, అయిదు, ఎనిమిది. తెలుగులో ఒక్క సమాసం ఇంగ్లీషు వాక్యంలో సగాన్ని మోస్తుంది కాబట్టి, 14 తెలుగు పదాల్లో ఒక నిర్వచనం, దానికో వివరణ కూడా ఇమిడిపోతాయి. నిఘంటువు నుంచి తీసుకున్నది పోలికలు వెతికే యంత్రానికి చాలావరకు దొరకదు. దీనికి తోడు బొమ్మలుగా స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకాల్లోని అక్షరాలు, ఎవరైనా వాటిని పాఠంగా మార్చి పెడితే తప్ప, ఆ సాఫ్ట్‌వేర్‌కు కనిపించవు. కాబట్టి ఆ సర్టిఫికెట్ ఈ విషయంలో ఏమీ చెప్పదు. చెప్పగలిగింది మీరొక్కరే. యంత్రం చూడలేనిచోట చూడటానికే కదా పర్యవేక్షకుడు అన్న పదవి ఉన్నది?

ఉటంకింపులు పెరిగితే శాతం పెరుగుతుందన్న భయం కూడా విద్యార్థుల్లో ఉంది, ఆ భయాన్ని మీలో కొందరు పోగొట్టడం లేదు. ఆధారం చెప్పి ఎత్తి రాసిన భాగాలు, గ్రంథసూచి లెక్కలోకి రాకూడదని ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఆధారం చెప్పినవాడికి నష్టం లేదు. ఈ ఒక్క సంగతి కోర్స్‌వర్క్ మొదటి వారంలో చెప్పి ఉంటే, ఎంతమంది భయపడి ఆధారాలు దాచిపెట్టేవారు కాదు?

ఇక వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను మీ విద్యార్థులందరూ చూస్తారు. ఆ పేరు గ్రంథసూచిలో కనపడకూడదని మీరు ఆదేశిస్తారు. ఫలితం ఏమిటంటే, చూడటం ఆగలేదు, చెప్పడం ఆగింది. వికీపీడియా వ్యాసం చివర ఇచ్చిన మూలాలను తాను చదివినట్టు ఎత్తి రాసుకోవడం మొదలైంది. ఒక చిన్న తప్పును నిషేధించబోయి పెద్ద తప్పును నేర్పాం. మీ ఆందోళనలో నిజం ఉంది. ఎవరైనా మార్చగలిగే పేజీని తుది ప్రమాణంగా తీసుకోకూడదు, వికీపీడియా వారు కూడా తమను అలా తీసుకోవద్దనే చెబుతారు. కానీ అక్కడ ప్రతి పేజీకీ మార్పుల చరిత్ర ఉంటుంది, ఒక్కో రూపానికీ మారని లింకు ఉంటుంది. ఆ లింకు, చూసిన తేదీ రాస్తే, విద్యార్థి చదివిన అక్షరాలనే మీరు పదేళ్ల తర్వాత కూడా చదవగలరు. "దారి చూపించింది వికీపీడియా, నిర్ధారించుకున్నది ఫలానా పుస్తకంలో" అని రాసే ధైర్యం విద్యార్థికి మీరే ఇవ్వాలి.

పాదసూచికల మీద ఈ పట్టుదల పడమటి దేశాల నుంచి వచ్చింది, మన సంప్రదాయంలో గురువు మాటే ప్రమాణం అని వాదించేవారు ఉన్నారు. వారికి సమాధానం మెదక్ జిల్లా కొల్చారంలో ఉంది. ఆ ఊరివాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, ఒక మాటకు అర్థం చెప్పినప్పుడు అది ఏ కోశంలో ఉందో పదేపదే చెప్పాడు. "ఇత్యమరః", "ఇతి విశ్వః", "ఇతి యాదవః" అని పుటపుటనా కనిపిస్తుంది. మూలం లేనిది ఏదీ రాయబోనని వ్యాఖ్యానం మొదట్లోనే మాట ఇచ్చాడు. గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఆనాడు సంస్కృతం చదువుకున్న ప్రతి పిల్లవాడికీ అమరకోశం కంఠతా వచ్చు. అందరికీ తెలిసిన పుస్తకం అంటే అంతకన్నా తెలిసిన పుస్తకం ఇంకోటి ఉండదు. అయినా పేరు చెప్పడం ఆయన మానలేదు. ఒకే మాటకు అమరుడు ఒకటి, విశ్వకారుడు ఇంకొకటి చెప్పే వీలుంది, తాను ఎవరి వెంట వెళ్తున్నాడో చదివేవాడికి తెలియాలి. కావ్యంలో అర్థం దాని మీదే ఆధారపడి ఉంది. ఆరు వందల ఏళ్ల కిందట తాళపత్రాల మీద మల్లినాథుడు పాటించిన నియమం ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చున్న మన విద్యార్థికి బరువెలా అయింది?

ఇంగ్లీషు పద్ధతులే కొంత మినహాయింపు ఇస్తున్నాయి కదా అన్న వాదన ఇంకోటి. నిజమే, పేరుపొందిన నిఘంటువులను గ్రంథసూచిలో చేర్చనక్కర్లేదని చికాగో మాన్యువల్ అంటుంది. ఆ సలహాలో సగమే మన దగ్గర ప్రచారంలోకి వచ్చింది. పాదసూచికలో చెప్పాలని, మొదటిది కాకపోతే కూర్పు తప్పకుండా చెప్పాలని, "ఆ పదం కింద" అనే అర్థంలో రెండు లాటిన్ అక్షరాలు పెట్టి పదం పేరు రాయాలని ఆ పుస్తకమే చెబుతుంది. వారు వదిలేయమన్నది ప్రచురణకర్త పేరునీ ఊరినీ. మనం వదిలేసింది కూర్పునీ పదాన్నీ.

ఒక అభ్యంతరం మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పాత పుస్తకాలు దొరకవు. దొరికిన స్కాన్‌లో ముఖపత్రం ఉండదు, సంవత్సరం ఉండదు, కొన్నిచోట్ల పుటలే ఉండవు. జిల్లాల్లోని విద్యార్థికి ఈ కష్టం మరీ ఎక్కువ. అయితే నిజాయితీకి కావలసింది అరుదైన ప్రతి కాదు. "ముఖపత్రం లేని స్కాన్ ప్రతి, ఫలానా డిజిటల్ గ్రంథాలయంలో, ఫలానా తేదీన చూసినది" అని రాస్తే అదీ సరైన ఉటంకింపే. తెలిసినంత చెప్పడం, తెలియనిది తెలియదనడం. దాన్ని లోపంగా కాక మంచి పనిగా గుర్తించి మార్కు వేయాల్సింది మీరు.

ఈ లేఖ రాస్తున్నది కంచన్‌బాగ్ నుంచి. రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, మిశ్ర ధాతు నిగమ్, భారత్ డైనమిక్స్ ఉన్న చోటు ఇది. లోహాలతో పనిచేసేవారికి ప్రమాణ పత్రం సంఖ్య పక్కన సంవత్సరం లేకపోతే ఆ సంఖ్యకు అర్థమే ఉండదు. అంత దూరం ఎందుకు, ఇల్లు కట్టే కాంక్రీటుకు భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 456నే చూడండి. 1978ది ఒకటి, 2000ది ఇంకొకటి. సంవత్సరం రాయని డ్రాయింగును పట్టుకుని స్లాబు వేయమంటే ఏ ఇంజనీరు ఒప్పుకుంటాడు? స్లాబు కూలితే కంటికి కనిపిస్తుంది. ఒక మాట పుట్టుక గురించి, ఒక కులం పేరు గురించి, ఒక ఊరి చరిత్ర గురించి తప్పు తీర్మానం చేస్తే అది కూలినట్టు కనిపించదు. అది సిద్ధాంత గ్రంథాల డిజిటల్ భాండాగారమైన శోధగంగలోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి ఇంకో సిద్ధాంత గ్రంథంలోకి, పోటీ పరీక్షల పుస్తకంలోకి, బడిపిల్లల పాఠంలోకి పోతుంది. దాన్ని వెనక్కి తెచ్చే దారి, ఏ కూర్పు, ఏ పదం అన్న ఆ ఒకటిన్నర పంక్తే. ప్రజల డబ్బుతో ఇచ్చే ఫెలోషిప్పుల మీద జరిగే పని కాబట్టి, ఆ దారి తెరిచి ఉంచమని అడిగే హక్కు విశ్వవిద్యాలయం గేటు లోపలికి ఎన్నడూ రాని పాఠకుడికి కూడా ఉంది.

2019 చివర్లో నిధుల సంఘం పిహెచ్‌డి విద్యార్థులందరికీ పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి చేసింది. మొత్తం 30 గంటలు. అందులో డేటాబేసుల గురించి, ఉల్లేఖన సూచికల లెక్కల గురించి చెబుతున్నారు. ఆ 30 గంటల్లో రెండే గంటలు సూర్యరాయాంధ్రనీ, శబ్దరత్నాకరాన్నీ, బ్రౌన్‌నీ, సంగ్రహ ఆంధ్ర విజ్ఞానకోశాన్నీ బల్ల మీద పెట్టి, ఒక్కోదాన్ని ఎలా ఉటంకించాలో చేయించి చూపండి. బోర్డ్ ఆఫ్ స్టడీస్ తర్వాతి సమావేశంలో ఒక్క పేజీ నమూనా ఆమోదించి, శాఖలన్నిటికీ పంపండి. ఇందుకు కొత్త నిధులు అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

అంతకన్నా ముందు చేయగలిగింది ఒకటుంది. రాబోయే వైవాకు గ్రంథాలయం నుంచి సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు తెప్పించి ఉంచండి. అభ్యర్థి గ్రంథంలో ఆ నిఘంటువును వాడుకున్న పుట ఒకటి మీరే ఎంచుకుని, ఆ పదాన్ని అందరి ముందూ తెరిచి చూపమనండి.

భవదీయుడు,
ఒక తెలుగు పాఠకుడు,
కంచన్‌బాగ్, హైదరాబాదు.